లూకా చెక్కిన పిల్లలు నిజంగానే పాడుతున్నారు

నోరు తెరిచిన దేవదూతల బొమ్మలు చాలా చర్చిల్లో ఉంటాయి. వాటికి నోరుంటుంది గానీ గొంతుండదు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 15వ శతాబ్దపు శిల్పి లూకా దెల్లా రోబ్బియా చెక్కిన పిల్లలకు గొంతుంది. వాళ్ళు నిజంగానే పాడుతున్నారు. గుంటూరులో చిన్నప్పటి నుంచీ చర్చి క్వాయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, పాడినదాన్ని, ఇప్పుడు హైదరాబాద్‌లోనూ పాడుతున్నదాన్ని. ఆ అనుభవంతోనే ఈ మాట గట్టిగా అంటున్నాను.

ఆ పలకలు ఫ్లోరెన్స్ కేథడ్రల్ మ్యూజియంలో ఉన్నాయి. తెల్లని పాలరాయి, దాదాపు మీటరు ఎత్తు. ఒకదానిలో కుర్రాళ్ళు ఒకే పుస్తకం చుట్టూ మూగి పాడుతున్నారు. ఇంకొకదానిలో చేతుల్లో పాట రాసిన పొడవాటి గ్రంథపు చుట్ట. వెనకవాడు ముందువాడి భుజం మీంచి తొంగి చూస్తున్నాడు. ఒకడి నొసలు ముడిపడి ఉంది, కష్టమైన చోటు వస్తోందని ముందే తెలిసినవాడి మొహం అది. ఒకడి చెయ్యి పక్కవాడి మెడ చుట్టూ ఉంది. ఏ ఇద్దరి నోరూ ఒక్కలా తెరుచుకోలేదు. అందరూ ఒకే అచ్చు పలుకుతూ వేరువేరు స్వరాల మీద ఉన్నప్పుడు క్వాయర్ మొహాలు సరిగ్గా ఇలాగే ఉంటాయి.

16వ శతాబ్దంలో చిత్రకారుల జీవితాలు రాసిన వసారి ఈ పని గురించి చెబుతూ రెండు సంగతులు ప్రత్యేకంగా పట్టుకున్నాడు. ఆయన చూసేనాటికి ఈ పలకలు కేథడ్రల్ లోపలే, నేల నుంచి 16 బ్రాచ్చాల ఎత్తున, అంటే సుమారు 9 మీటర్ల పైన ఉన్నాయి. అంత ఎత్తున ఉన్నా పాడేవాళ్ళ గొంతు ఉబ్బడం కనిపిస్తుందంటాడు. సంగీతం నడిపించేవాడు చిన్నవాళ్ళ భుజాల మీద చేత్తో తాళం కొట్టడం కనిపిస్తుందంటాడు.

ఆ రెండో సంగతి చదివినప్పుడు మా క్వాయర్ మాస్టారు గుర్తొచ్చారు. చిన్నపిల్లల్ని ముందు వరసలో నిలబెట్టి, వాళ్ళ వెనక నిలబడి, తప్పిపోయేవాళ్ళ భుజం మీద రెండు వేళ్ళతో తాళం వేసేవారు. గుడిలో ఆరాధన జరుగుతుండగా చెయ్యి ఊపితే అందరికీ కనబడుతుంది కదా, అందుకని. "వినబడకపోయినా ఒంటికి తెలుస్తుంది లేమ్మా" అనేవారు. లూకాకి ఇది తెలుసు. చూడకుండా ఎవరూ దీన్ని చెక్కలేరు. పాట ఎలా వినిపిస్తుందో ఎవరైనా ఊహించగలరు. పాడేవాళ్ళు ఒకరినొకరు ఎలా పట్టుకుని నిలబడతారన్నది మాత్రం వాళ్ళ మధ్య తిరిగినవాడికే తెలుస్తుంది.

ఈ పలకలు ఎందుకు చేశారో చెప్పాలి. సాంతా మరియా దెల్ ఫియోరే కేథడ్రల్‌లో గుమ్మటం కింద రెండు సాక్రిస్టీలు ఉన్నాయి, పూజ వస్త్రాలూ పాత్రలూ ఉంచే గదులు. ఆ గదుల తలుపుల పైన గోడకు రెండు పాలరాతి బాల్కనీలు కట్టాలనుకున్నారు. ఉత్తరం వైపుది 1431లో లూకాకి ఇచ్చారు. అప్పటికి అతను ముప్పై దాటిన కుర్రాడు, చేతిలో పేరున్న పని ఇంకొకటి లేదు. దక్షిణం వైపుది 1433లో, రోమ్ నుంచి తిరిగొచ్చిన పేరున్న శిల్పి దొనాతెల్లోకి ఇచ్చారు. ఇవాళ వీటిని కాంతోరియా, అంటే గాయకుల బాల్కనీ అని పిలుస్తున్నారు. అసలు కట్టించింది ఆర్గన్లనే పెద్ద గొట్టాల వాద్యాల కోసం. వెడల్పు ఐదున్నర మీటర్ల పైమాటే, అయినా లోపల ఆర్గన్ పెట్టాక మిగిలే జాగా ఎంతో ఊహించుకోవచ్చు.

లూకా బాల్కనీ మీద మూడు వరసల్లో లాటిన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. అది బైబిల్లోని 150వ కీర్తన. లాటిన్ రాకపోయినా నాకు చదవడం కష్టం కాలేదు. సండే స్కూల్లో కంఠతా పట్టిన కీర్తన అది, ఏ వాద్యం తర్వాత ఏ వాద్యం వస్తుందో నోటికి తెలుసు. బూరలు, స్వరమండలం, సితారా, తంబుర, నాట్యం, తంతివాద్యాలు, తాళాలు. ఆ క్రమంలోనే పలకలు చూసుకుంటూ వెళ్ళాను. బూరలు ఊదేవాళ్ళ బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి, కింద చిన్నపిల్లలు ఆ మోతకి చిందులేస్తున్నారు. తాళాలు వాయించే పలకలో చేతులు రెండూ ఇంకా కలవలేదు, కలవబోతున్నాయి.

మొత్తం పది పలకలు. ఎనిమిది ఎదురుగా కనిపిస్తాయి, రెండు పక్క గోడల మీద. నేను పైన చెప్పిన పాడే పిల్లలు ఆ పక్క పలకల్లో ఉన్నారు. అంటే కేథడ్రల్‌లో సూటిగా ఎదురు నిలబడితే వాళ్ళు కనబడరు. పక్కగా నడుస్తూ తలెత్తాలి. వాద్యాలన్నీ ముందుకు పెట్టి, గొంతుల్ని పక్కకి ఎందుకు పెట్టాడు? కీర్తన ఆఖర్న ఊపిరి ఉన్న ప్రతి ప్రాణీ స్తుతించాలని వస్తుంది. ఆ వాక్యానికి ఈ పిల్లలే బొమ్మ అని నా నమ్మకం. వాద్యాలన్నీ అయ్యాక చివరికి మిగిలేది మనిషి ఊపిరే.

ఇక దొనాతెల్లో. ఆయన బాల్కనీలో ఎవరూ పాడరు. రెక్కలున్న బొద్దు పిల్లలు జంట స్తంభాల వెనక ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగు. స్తంభాలు, వెనక గోడ అంతా రంగు మొజాయిక్ ముక్కలు, బంగారు రంగువి ఎక్కువ. దగ్గర నుంచి చూస్తే మొహాలు మొరటుగా ఉంటాయి, కళ్ళూ ముక్కూ పూర్తిగా తీర్చలేదు. వసారి దీన్ని లూకా పనితో పోల్చి, నున్నగా తీర్చిన లూకా పని కంటే అరకొరగా వదిలిన దొనాతెల్లో పనే దూరానికి బాగా తెలుస్తుందని తీర్పు చెప్పాడు. చాలామంది ఆ తీర్పునే ఇప్పటికీ వల్లిస్తారు.

నేను ఒప్పుకోను. వసారి కొలిచింది కంటి దూరం ఒక్కటే. దొనాతెల్లో చెక్కింది కింద నిలబడి వినేవాడి లోపల జరిగేది. ఆర్గన్ ఒక్కసారిగా విరుచుకుపడితే ఒళ్ళు జలదరించి కాళ్ళు కదిలిపోతాయి చూడండి, అది. మసక వెలుతురులో, కొవ్వొత్తుల మినుకు ఆ బంగారు ముక్కల మీద పడుతుంటే ఆ పరుగు ఇంకా వేగంగా కనిపించి ఉంటుంది. లూకా చెక్కింది పాడేవాడి పని. అతని పిల్లలకు రెక్కలు లేవు, పని చేసే పిల్లలు వాళ్ళు. ఒకరు వినేవాడి వైపు నుంచి, ఒకరు పాడేవాడి వైపు నుంచి ఒకే సంగీతాన్ని ఎదురెదురు గోడల మీద చెక్కారు. వీటిలో ఏది గొప్పదన్న ప్రశ్న నాకు అక్కర్లేదు. నా మనసు మాత్రం లూకా వైపే.

రెండు బాల్కనీల పని సగంలో ఉండగానే ఆ కేథడ్రల్ చరిత్రలోకెల్లా పెద్ద సంగీతపు రోజు వచ్చింది. 1436 మార్చి 25, మరియకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ. ఫ్లోరెన్స్ వాళ్ళకి అప్పట్లో కొత్త సంవత్సరాది కూడా అదే. పోప్ నాలుగో యూజీనియస్ రోమ్ వదిలి వచ్చి ఆ ఊళ్ళోనే, సాంతా మరియా నొవెల్లాలో ఉంటున్నాడు. అక్కడి నుంచి కేథడ్రల్ దాకా జనం తలల ఎత్తున చెక్కతో నడవ కట్టారు, దాని మీద ఊరేగింపుగా వచ్చి కేథడ్రల్‌ని ప్రతిష్ఠించాడు. ఆ రోజు చూసినదాన్ని జనోజ్జో మనెత్తి అనే పండితుడు లాటిన్‌లో రాసిపెట్టాడు. ఊరేగింపులో బూరలు, తంత్రీవాద్యాలు, పిల్లనగ్రోవులు. పూజలో అప్పాన్ని, అంటే పవిత్రమైన రొట్టెను, పైకెత్తిన వేళ గొంతులూ వాద్యాలూ కలిసి లేచిన నాదం పరలోకం నుంచి వచ్చినట్టుందట.

ఆ ప్రతిష్ఠ కోసం గియోమ్ ద్యుఫాయ్ ఒక పాట కట్టాడు. పేరు నూపెర్ రొజారుమ్ ఫ్లోరెస్. అంతకు వారం ముందు పోప్ ఆ కేథడ్రల్‌కి బంగారు గులాబీ కానుక ఇచ్చాడు, పాట ఆ గులాబీలతోనే మొదలవుతుంది. ద్యుఫాయ్ పోప్ గాయక బృందంలో పాడేవాడు, ఉత్తరాది నుంచి వచ్చినవాడు. ఈ పాటను లూకా, దొనాతెల్లో బాల్కనీల మీంచి పాడారని టూరిస్టులకు చెప్పే కథ వినబడుతూ ఉంటుంది. కాదు. 1436 మార్చికి ఆ రెండూ పూర్తి కాలేదు. లూకాది 1438లో అయింది, దొనాతెల్లోది కూడా ఆ చుట్టుపక్కలే. అసలు గుమ్మటమే అప్పటికి పూర్తిగా మూసుకోలేదు. ఆ మూత ఆగస్టులో పడింది. గుమ్మటం కొన మీద ఉండే లాంతరు అనే చిన్న గోపురం కూడా లేదు. ఇవాళ మనం తలెత్తితే కనిపించే అంతిమ తీర్పు చిత్రం 1572లో వసారే మొదలుపెట్టింది, జుక్కారి 1579లో ముగించాడు. ద్యుఫాయ్ పాట లేచి వెళ్ళింది బోసి గోడల మధ్యకి.

ఈ పాట కట్టుబడి చెప్పకుండా ఉండలేను. నాలుగు గొంతులు. ప్రతి భాగంలోనూ ముందు రెండు పై గొంతులే మొదలుపెడతాయి, కింది రెండూ ఊరుకుంటాయి. ఆ రెండూ అల్లుకుంటూ కొంత దూరం పోయాక కింది గొంతులు దిగుతాయి. వాటి దగ్గరున్నది కొత్త రాగం కాదు. దేవాలయ ప్రతిష్ఠ పూజలో మొదట పాడే ప్రాచీన కీర్తన అది. బైబిల్లో యాకోబు బేతేలులో కల నుంచి ఉలిక్కిపడి లేచి, ఈ స్థలం ఎంతో భయంకరం, ఇది దేవుని మందిరమే అన్నాడు కదా, ఆ మాటలు. రెండు కింది గొంతులూ ఆ ఒక్క రాగాన్నే పాడతాయి, ఒకటి షడ్జం నుంచి అనుకుంటే రెండోది పంచమం నుంచి. కలిసి అడుగు వెయ్యవు. ఒకటి ముందు పోతే ఒకటి వెనక వస్తుంది.

ఆ రాగం నాలుగు భాగాల్లో నాలుగుసార్లు వస్తుంది. స్వరాలు అవే, కాలం మారుతుంది. నిడివి 6, 4, 2, 3 పాళ్ళలో నడుస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఒకే వర్ణాన్ని వేరువేరు కాలాల్లో పాడటం తెలుసు కాబట్టి ఇది కొత్తగా అనిపించకూడదు. హైదరాబాద్‌లో మేము కొందరం కలిసి ఒకరి ఇంట్లో దీన్ని పాడి చూశాం, కింది గొంతులకు ఇద్దరిద్దరిని పెట్టుకుని. మొదటి భాగంలో ఒక్కో స్వరం అంత పొడుగు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీస్తే నేల జారిపోయినట్టుంటుంది. కళ్ళతో సైగ చేసుకుంటూ ఒకరి తర్వాత ఒకరు తీసుకోవాలి. నాది రెండో పై గొంతు. ఆ రోజుల్లో పోప్ బృందంలో ఆడవాళ్ళకి చోటు లేదు, నేను పాడిన వరస కూడా అప్పుడు పాడింది మగవాడే. అయినా మా కింద ఆ రాగం దిగినప్పుడల్లా నాకు కలిగిన నెమ్మది, ఆ మగవాడికీ కలిగే ఉంటుంది.

ఇక ఆ 6, 4, 2, 3 గురించి. 1973లో చార్ల్స్ వారెన్ అనే పండితుడు, ఈ పాళ్ళు కేథడ్రల్ కొలతలవేనని, పాట బ్రూనెలెస్కీ కట్టిన ఆ గుమ్మటానికి నకలని రాశాడు. రెండు కింది గొంతులు గుమ్మటం రెండు పొరల్లాంటివన్నాడు. ఎంత అందమైన ఊహ! ఇవాళ్టికీ అందరూ చెప్పుకునేది అదే. 1994లో క్రెయిగ్ రైట్ దాన్ని తిరగదోడాడు. కేథడ్రల్ అసలు కొలతలు ఆ పాళ్ళకి అతకవని చూపించి, అవి సొలొమోను మందిరం కొలతలన్నాడు. బైబిల్లో మొదటి రాజులు 6వ అధ్యాయం తీస్తే మనకే దొరుకుతాయి. మందిరం నిడివి 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30, లోపలి గర్భాలయం పోగా మిగిలిన ముందు భాగం 40. ఆ తర్వాతా చర్చ ఆగలేదు, గుమ్మటం వైపు మళ్ళీ వాదించినవాళ్ళూ ఉన్నారు.

నాకు రైట్ మాటే నిలబడేట్టు కనిపిస్తుంది. ద్యుఫాయ్ గజం బద్ద పట్టుకుని గోడలు కొలిచాడని నమ్మడం కష్టం. బైబిల్ మాత్రం అతనికి కరతలామలకం. పైగా గుడి ప్రతిష్ఠ అనగానే క్రైస్తవులెవరికైనా మనసులోకి వచ్చేది సొలొమోను ప్రతిష్ఠే. రెండో దినవృత్తాంతములు 5వ అధ్యాయంలో 120 మంది యాజకులు బూరలు ఊదుతుండగా, వాద్యాలూ గొంతులూ ఏకస్వరమైనప్పుడు మందిరం మేఘంతో నిండిపోతుంది. పాట వల్ల గుడి నిండటం అక్కడే ఉంది. ఫ్లోరెన్స్ ఆ రోజు కోరుకున్నదీ అదే.

అయినా ఈ అంకెల గొడవలో అసలు సంగతి మరుగునపడుతోందని నా బాధ. వింటున్నప్పుడు ఎవరూ 6, 4, 2, 3 అని లెక్కపెట్టరు. పై గొంతులు రెండే ఉన్నప్పుడు గాలిలో తేలుతున్నట్టుండి, కింది గొంతులు దిగగానే గోడలు లేచినట్టు అనిపిస్తుంది. అది చెవికి తెలుస్తుంది, పుస్తకం అక్కర్లేదు. ఆ గుమ్మటం కింద ఒక ఆదివారం పూజకి కూర్చున్నప్పుడు గమనించాను. అక్కడ ఒక స్వరం వదిలితే అది వెంటనే పోదు, తర్వాతి స్వరం వచ్చేదాకా పైనే తిరుగుతూ ఉంటుంది. పొడవాటి కింది స్వరాలూ, వాటి మీద పాకే పై గొంతులూ అలాంటి చోట బతుకుతాయి. తొందర తొందరగా మారే పాట అక్కడ గందరగోళం అయిపోతుంది. పాటకీ కట్టడానికీ ఉన్న బంధం నాకు ఆ మోగింపులో దొరికింది, కొలతల్లో కాదు.

ఆ బంధాన్ని బతికించినవాళ్ళ గురించి రెండు మాటలు. 1438లో, అంటే లూకా బాల్కనీ పూర్తయిన ఏడాదే, కేథడ్రల్ పార్ట్స్‌లో, అంటే ఒక్కో గొంతుకి ఒక్కో వరసగా, పాడే గాయకులను జీతానికి పెట్టుకుంది. ఆర్గన్ దగ్గర 1432 నుంచీ 1480లో చనిపోయేదాకా ఆంతోనియో స్క్వార్చాలూపి ఉన్నాడు. అతను 1467లో ద్యుఫాయ్‌కి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. ఫ్లోరెన్స్‌లో పెత్తనం చేసిన మెదిచి కుటుంబపు లోరెంజో రాసిన ఒక పద్యానికి సంగీతం కట్టమని అందులో అడుగుతాడు. పాట కట్టిన మనిషీ ఆర్గన్ వాయించిన మనిషీ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా మాటలు కలుపుకుంటున్నారన్నమాట.

లూకా బాల్కనీ ఒకసారి ప్రాణాలు దక్కించుకునే చోటు కూడా అయింది. 1478 ఏప్రిల్ 26, ఆదివారం పూజ మధ్యలో మెదిచిల పగవాళ్ళైన పాజ్జి కుటుంబపు కుట్రదారులు లోరెంజో మీదా తమ్ముడు జూలియానో మీదా కత్తులతో పడ్డారు. లోరెంజో గాయంతో ఉత్తరం సాక్రిస్టీలోకి దూరి తలుపులు వేయించుకున్నాడు. ఆ కంచు తలుపులూ లూకా చేసినవే. బయట తలుపు కొడుతున్నది మనవాళ్ళా పగవాళ్ళా తెలియక, సిజిస్మోందో దెల్లా స్తూఫా అనే కుర్రాడు ఆర్గన్ బాల్కనీ ఎక్కి కిందికి చూశాడు. కనిపించింది జూలియానో శవం.

ఈ బాల్కనీలను చివరికి దించేసింది యుద్ధం కాదు, వరద కాదు, సంగీతమే. 1688లో యువరాజు ఫెర్దినాందో మెదిచికీ బవేరియా రాకుమారి వియొలాంతేకీ పెళ్ళి. అప్పటికి సంగీతం పెరిగిపోయింది, ఎక్కువమంది గాయకులూ వాద్యగాళ్ళూ కూర్చోవాలి. ఉన్న జాగా చాలదని రెండు బాల్కనీలనూ ఊడదీసి పెద్ద చెక్కవి పెట్టారు. పలకలు మూలపడ్డాయి. 1891లో కేథడ్రల్ మ్యూజియం తెరిచాక మళ్ళీ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. పాడేవాళ్ళ గురించి ప్రపంచంలో అంత బాగా చెక్కినవి లేవు, వాటిని పాడేవాళ్ళకి జాగా కోసమే తీసేశారు. నేను ఆ క్వాయర్‌లో ఉండి ఉంటే కింద నేల మీద నిలబడి పాడతాననేదాన్ని.

వెళ్ళేవాళ్ళు ముందు మ్యూజియం చూసి తర్వాత కేథడ్రల్‌కి వెళ్ళండి. మ్యూజియంలో లూకా పలకల అసలువి కింద, కంటి ఎత్తులో పెట్టారు, పైన బాల్కనీలో ఉన్నవి అచ్చులు. పక్క పలకల దగ్గర ఎక్కువసేపు ఉండండి, చేతులు ఎవరి భుజాల మీద ఉన్నాయో చూడండి. తర్వాత కేథడ్రల్‌లో ఉత్తరం సాక్రిస్టీ తలుపు దగ్గరకు వెళ్తే, దాని పైన లూకా చేసిన నీలం తెలుపు పునరుత్థాన ఘట్టం కనిపిస్తుంది. బాల్కనీ ఉండేది దానికి పైన. బయటికి వచ్చేటప్పుడు గోడలకున్న శిలా ప్రతిమలు వదిలిపెట్టకండి. గుమ్మటం కట్టిన బ్రూనెలెస్కీ ఉంటాడు, గంటస్తంభం మొదలుపెట్టిన గియోట్టో ఉంటాడు. వాళ్ళతో సమానంగా, 1490లో పెట్టిన ఆర్గన్ వాద్యకారుడు స్క్వార్చాలూపి ప్రతిమ కూడా ఉంటుంది.